రేకుకు బిగించిన బెల్టులు

మా నాయన కారెక్కే ముందు వెనక సీటును తట్టేవాడు. తలుపు తీసి, ఒంగి, ఉంగరం ఉన్న వేలు మడిచి, సీటుకు వీపు ఆనించే భాగాన్ని రెండుసార్లు కొట్టేవాడు. దూది, కొబ్బరిపీచు, వాటి వెనక నుంచి ‘టంగ్’ మని మొద్దు చప్పుడొకటి వచ్చేది. అది వినబడితేనే కాలు లోపల పెట్టేవాడు. చిన్నప్పుడు నేను అది కూడా దండం పెట్టుకోవడం లాంటిదేమో అనుకొని నా వంతుగా కొట్టేదాన్ని. చప్పుడు వచ్చేది కాదు గానీ వేళ్ళు నొప్పి పుట్టేవి.

ఆ చప్పుడు రేకుది. రేకంటే ఇంటి పైకప్పుకు వేసే రేకు కాదు. మూడు రూపాయి బిళ్ళలు పేర్చినంత మందంతో, సీటు వెడల్పంతా ఉండే ఇనుప పలక. మా అంబాసిడర్ కారులో వెనక సీటుకూ డిక్కీకీ మధ్య నిలబడి ఉండేది. వెనక నుంచి ఎవరైనా బాంబు వేస్తే కూర్చున్నవాళ్ళ వీపులకు తగలకుండా, ట్రాక్టరు ట్రాలీలు తయారు చేసే షెడ్డులో చెప్పి మా నాయన చేయించాడు. ఇంట్లో అందరం దాన్ని ‘రేకు’ అనే అనేవాళ్ళం, ‘బీరువా’ అన్నంత మామూలుగా. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు మా అత్తగారు ఆ కారెక్కి, “సీటు ఇంత గట్టిగా ఉందేమండీ” అన్నారు. ఆమె కోస్తా మనిషి. మా అమ్మ “వెనకాల రేకుంది లేమ్మా” అని వక్కపొడి చేతిలో పెట్టింది. ఆ రేకు దేనికో ఆమెకు ఇంటికి పోయాక ఎవరో చెబితే తెలిసిందట. అప్పటికే తాంబూలాలు పుచ్చుకున్నారు, ఇక చేసేదేముంది.

ఆ రేకును కారు బాడీకి వెల్డింగ్ చేయించలేదు. దానికి కారణముంది. ఎన్నికలొస్తే పోలీసులు బండ్లు ఆపి వెతికేవాళ్ళు. రేకు కనబడిందంటే, ఇదెందుకు పెట్టుకున్నావు, ఎవరంటే భయం, నీ దగ్గర ఇంకేమున్నాయి అని మొదలయ్యేది. అందుకని బాడీకి పైన నాలుగు కొక్కేలు పెట్టించి, రేకును వాటికి తగిలించారు. డిక్కీలోంచి ఇద్దరు మనుషులు చేతులు పెట్టి ఎత్తితే ఊడి వచ్చేసేది. ఎన్నికల ముందు దాన్ని తీసి కొట్టంలో చొప్ప కింద దాచడం, ఓట్లయ్యాక మళ్ళీ తెచ్చి తగిలించడం నేను చూసినవే. తర్వాత్తర్వాత ఊళ్ళు చల్లబడ్డాయి. కక్షలు పెంచినవాళ్ళు కొందరు పోయారు, మిగిలినవాళ్ళు పెళ్ళిళ్ళలో ఎదురుపడి ఒకరి పిల్లల చదువులు ఒకరు అడగడం మొదలుపెట్టారు. రేకును ఎత్తే పని లేకపోయింది. డిక్కీ వైపు చూడడానికి బాగుండాలని రెక్సిన్ అతికించారు. కొక్కేలు దాని వెనక్కి పోయాయి. మా బుర్రల్లోంచి కూడా పోయాయి.

అసలు ఆ రేకు ఎందుకు వచ్చిందో నాయన ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ చెప్పింది, అదీ నాకు పెళ్ళయ్యాక. కారు కొనక ముందు మాకు జీపు ఉండేది. ఒకరోజు మా పెదనాయన, నాయన సింహాద్రిపురం నుంచి వస్తుంటే ఒక మోరీ దగ్గర మనుషులు కాపు కాశారు. రోడ్డు కింద వాననీళ్ళు పోయే తూమును మేము మోరీ అంటాం. అక్కడ రోడ్డు సన్నబడుతుంది, బండి నెమ్మదించాలి, కింద మనిషి దాక్కోవడానికి చోటుంటుంది. నాయన తన వైపు నుంచి దూకి వేరుశనగ చేనుకు అడ్డంపడి పరిగెత్తాడు. పెదనాయన వైపు తలుపు గడి బిగుసుకుపోయి రాలేదు. నాయన వెనక్కి తిరిగి చూడకుండా ఊరు చేరుకున్నాడు. పెదనాయనను ఏం చేశారో తర్వాత ఊరంతా పోయి చూసింది, ఆయన తప్ప.

“ఆ పరుగు మీ నాయన ఇంగా నిలపలేదు పాపా” అంది అమ్మ.

అప్పటినుంచి ఆయనకు మోరీ అంటే మోరీ కాదు. కారు ఏ మోరీని సమీపించినా మాట ఆపేసి తలుపు పిడి మీద చెయ్యి వేసేవాడు. దాటాక తీసేవాడు. మేమంతా దానికి అలవాటు పడిపోయాం. ఆయన మాట మధ్యలో ఆగిందంటే ముందు మోరీ ఉందని నాకు చూడకుండానే తెలిసేది.

డెబ్బై దాటాక ఆయన కిడ్నీలు మొరాయించాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్ తప్పదన్నారు. పులివెందులలో మా సందులోంచి బయటపడితే ఆస్పత్రి ఉంది. ఆయన ఒప్పుకోలేదు.

“నన్నెరిగినోళ్ళ మధ్య నాలుగు గంటలు సూదులు గుచ్చుకోని పండుకోవాల్నా? ప్రొద్దుటూరికి పోదాం” అన్నాడు.

ప్రొద్దుటూరులో తనను ఎవరూ ఎరగరని ఆయన నమ్మకం. అక్కడి బంగారం అంగళ్ళవాళ్ళలో సగం మంది మా ఇంటి పెళ్ళిళ్ళకు వచ్చి భోజనం చేసినవాళ్ళే. ఆ మాట అంటే ఆ ఊరూ వద్దంటాడని నోరు మూసుకున్నాను.

డ్రైవర్ను పెట్టుకుందామంటే, “డ్రైవరంటే ఏంది? మన దోవ తెలిసిన పరాయోడు” అన్నాడు. నా పెళ్ళయ్యాక కూడా మా ఇల్లు అమ్మావాళ్ళ సందులోనే కాబట్టి, స్కూల్లో టీచరు పని అప్పటికే మానుకున్నాను కాబట్టి, బండి నడిపే పని నాకు పడింది. నాకొక చిన్న కారుంది. ఏసీ వేసి, మెత్తటి దిండు పెట్టి ఒకసారి అందులో ఎక్కించాను. ఊరు దాటి కాస్త వేగం అందుకోగానే తలుపులు నాలుగూ వాటంతటవే టక్కుమని లాక్ పడ్డాయి. నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఎవురు మూసినారు?”

“దానంతటదే పడుతుంది నాయనా. మన మంచికే.”

“ఆపు బండి. తలుపు తీసేది నా చేతిలో లేని బండి నాకొద్దు.”

దిగి, పంచె ఎగగట్టి, వేంపల్లె రోడ్డు మీద ఇంటివైపు నడక మొదలుపెట్టాడు. నేను రివర్సు గేరులో పక్కనే వస్తూ బతిమాలాను, తిట్టాను కూడా. మళ్ళీ అంబాసిడరే గతి అయింది.

కానీ ఆయనను నిజంగా తినేసింది కారు కాదు, ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన రోజులు. బతుకంతా ఆయన ఒకే వేళకు ఒకే దోవలో పోయిన మనిషి కాదు. వేంపల్లె మీదుగా వెళితే ముద్దనూరు మీదుగా తిరిగి వచ్చేవాడు. ఎప్పుడు బయలుదేరుతాడో ఆయన చెప్పులు వేసుకున్నాకే మా అమ్మకు తెలిసేది. అలాంటి మనిషిని సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఏడింటికల్లా వచ్చి మంచమెక్కాలన్నారు.

“దీనికన్నా నేను పోయే టైము పేపర్లో ఏపిచ్చేది మేలు గదా” అన్నాడు.

నవ్వాను గానీ ఆ మాట నాలో ఎక్కడో దిగబడింది. మూడో వారమో నాలుగో వారమో, ఎర్రగుంట్ల దాటాక మా వెనకాలే ఒక మోటారు సైకిలు వస్తోందని ఆయనే చూపించాడు. నల్ల హెల్మెట్టు, వీపుకు సంచీ. సిమెంటు లారీల దుమ్ములో మేము నెమ్మదిస్తే అతనూ నెమ్మదించేవాడు. బుధవారం మళ్ళీ కనబడ్డాడు. శుక్రవారం కూడా. నాకూ భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గెందుకు. నా జన్మలో కత్తి పట్టిన మనిషిని చూడలేదు, అయినా అద్దంలో ఆ హెల్మెట్టునే చూస్తూ ప్రొద్దుటూరు దాకా నడిపాను. తీరా చూస్తే అతను మా డయాలసిస్ సెంటర్లో మిషన్లు చూసుకోవడానికి ఆ వారమే చేరిన టెక్నీషియను. డ్యూటీకి వస్తున్నాడు, పాపం. ఆ రోజు హెల్మెట్టు తీసి నాయనకు నమస్కారం పెట్టి, సూది గుచ్చింది అతనే. ప్రతిసారీ మా వెంట వచ్చే అమ్మ తిరుగు దారంతా నవ్వుతూనే ఉంది.

నాయన నవ్వలేదు. “ఈ పొద్దు టెక్నీషియను” అన్నాడు.

ఇక బెల్టుల సంగతి. డయాలసిస్ చేసేవాళ్ళకు చేతిలో రెండు రక్తనాళాలను కలిపి ఒక దారి చేస్తారు, సూదులు అక్కడే గుచ్చాలి. నాయనకు అది ఎడమ చేతికి పెట్టారు. లోపల నెత్తురు ఎంత జోరుగా పారుతుందంటే, చెవి ఆనిస్తే తుమ్మెద లాగా గుయ్‌మని మోగుతుంటుంది. ఆ మోత ఆగిందంటే ఆ దారి చచ్చిపోయినట్టు. దెబ్బ తగిలి అది తెగితే మనిషి నిమిషాల్లో పోతాడని డాక్టరు నా ముఖం మీదే చెప్పాడు. మా అమ్మ పొద్దున లేవగానే దేవుడి పటం చూడడం మానేసి ఆ చేతికి చెవి పెట్టడం మొదలుపెట్టింది. “మోగుతాంది” అని లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

మిషను మీద నుంచి లేచాక ఆయనకు బీపీ పడిపోయేది. సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయేవాడు. ఒకరోజు తిరుగు దారిలో స్పీడు బ్రేకరు కనబడక గట్టిగా బ్రేకు కొట్టాను. వెనక దబ్బుమని చప్పుడు. నాయన ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య నేల మీద పడి ఉన్నాడు. ఎడమ చెయ్యి ఆయన కిందే ఉంది. కట్టు తడిసిపోయింది. అమ్మ తన కొంగు చుట్టి రెండు చేతులతో నొక్కి పట్టుకుంటే, నేను బండిని వెనక్కి తిప్పి మళ్ళీ ప్రొద్దుటూరు ఎలా చేర్చానో నాకే తెలియదు. నెత్తురు ఆగింది. మోత ఆగలేదు. ఆ రాత్రే వెనక సీటుకు బెల్టులు పెట్టించాలని నిర్ణయించుకున్నాను. ఆ కారు పుట్టిన కాలంలో వెనక కూర్చునేవాళ్ళకు బెల్టులు ఎవరు పెట్టారు?

నాయన వింటేగా.

“కట్టేస్కోని కూచుంటే దిగేదెట్ల?”

“దిగే పనేముంది నాయనా? ఎవరొస్తారు ఇప్పుడు? వాళ్ళ మనవళ్ళంతా బెంగళూరులో కంప్యూటర్ల ముందు కూర్చున్నారు.”

“తాతకు దగ్గులు నేర్పొద్దు. నువ్వు పుట్టకముందు నుంచి చూస్తాండా.”

పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టు ఉంది మా పని. ఆయన దారి మార్చడు, బండి మార్చడు, బెల్టూ పెట్టుకోడు. చివరికి అమ్మే కదిలింది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అన్నం పెడుతూ, ఆయన ముఖం చూడకుండా, “ఆ చెయ్యి కింద పడి నువ్వు పోతే, ఇంగ పొద్దున్నే లేచి నేను దేనికి చెవి పెట్టాల?” అంది. ఆయన కలిపిన ముద్దను మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. తర్వాత, “ఆమెకు గూడా పెట్టియ్. ఇద్దరికీ పెట్టియ్” అని నాతో అన్నాడు.

పాత అంబాసిడర్లకు బాడీ పని తెలిసిన మేస్త్రీ జమ్మలమడుగులో ఒకాయన మిగిలి ఉన్నాడు. ఆదివారం ముగ్గురం వెళ్ళాం. మేస్త్రీ వెనక సీటు ఊడదీసి బయట ఎండలో పెట్టి, కింద పరిచిన మ్యాటు ఎత్తాడు. నేల పొరలు పొరలుగా లేచింది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే అవతలికి దిగింది. కన్నంలోంచి షెడ్డు నేల మీద పారిన ఆయిలు కనబడింది.

“మామా, దీనికి బోల్టు నిలబడదు. ఇది కోసేసి కొత్తది అతికిచ్చాల. రెండు దినాలు బండి ఈడ ఇడ్సిపెట్టండి.”

“బండి ఇడ్సే మాటే లేదు” అన్నాడు నాయన. పరాయి షెడ్డులో రాత్రిపూట బండి ఉంచడమంటే, ఆయన లెక్కలో, తాళం చెవి శత్రువు చేతికి ఇవ్వడమే. పైగా తెల్లవారితే సోమవారం.

“మరెట్ల మామా? గట్టి ఇనుము యాడో ఒగ చోట కావల్ల గదా బోల్టుకు.”

నాయన కారులోకి ఒంగి, సీటు లేకపోవడంతో నగ్నంగా కనబడుతున్న రేకును వేలితో కొట్టాడు. టంగ్. ఈసారి ఏ అడ్డమూ లేకుండా షెడ్డంతా వినబడింది.

“దీనికి కొట్టు. ఈ బండిలో ఇంతకన్నా గట్టిది ఏముంది?”

మేస్త్రీ కూడా కొట్టి చూశాడు. అరచెయ్యి ఆనించి తోశాడు. కదల్లేదు. “బాడీకి పట్టిచ్చినారా మామా దీన్ని?” అని అడిగాడు.

“ముప్పై ఏండ్ల నుంచి అట్లనే ఉంది. ఇంచు కదల్లే.”

అది అబద్ధం కాదు. ఎన్నికలకు తీయడం మానేశాక ఎవరూ ఎత్తలేదు కాబట్టి కదల్లేదు. మా ఇంట్లో ఆ రేకు మీద అంత నమ్మకం. గోడ ఎందుకు నిలబడిందని ఎవరైనా అడుగుతారా? చొప్ప కిందికి దాన్ని మోసుకుపోవడం చూసిన నేను పక్కనే నిలబడి, బెల్టుల రంగు సీటుకు కలుస్తుందా లేదా అని చూస్తున్నాను.

రేకు అడుగు భాగంలో నాలుగు కన్నాలు వేశాడు. ఇనుప పొడి మెలికలు తిరుగుతూ రాలింది. డ్రిల్లు చప్పుడుకు అమ్మ చెవులు మూసుకొని రోడ్డు మీదికి పోయి నిలబడింది. అవి నడుముకు కట్టుకునే బెల్టులు, గట్టి బకిళ్ళవి. ఒక చేత్తో బకిలు పట్టుకొని ఇంకో చేత్తో నొక్కితే తప్ప ఊడవు. సీటు మళ్ళీ బిగించాక మేస్త్రీ కాలు తన్నిపెట్టి బలమంతా ఉపయోగించి లాగి చూశాడు.

“ఏనుగును కట్టేసినా నిలబడ్తాది మామా.”

నాయన ముఖంలో, చాలా రోజుల తర్వాత, తృప్తి లాంటిది చూశాను. రేకు చివరికి ఒక పనికి వచ్చింది.

మరుసటి రోజు నుంచి కారులో రెండు కొత్త చప్పుళ్ళు చేరాయి. ఒకటి, గుంతలు వచ్చినప్పుడల్లా వీపుల వెనకాల ‘కిర్ర్’ మని ఇనుము ఇనుమును రుద్దే చప్పుడు. కొత్త బోల్టులు, కుదురుకుంటాయిలే అనుకున్నాం. కుదురుకోలేదు. రోజు రోజుకూ కాస్త పెద్దదైంది. రెండోది, మోరీ వచ్చినప్పుడల్లా ‘టక్’ మనే బకిలు చప్పుడు. నాయన బెల్టు ఊడదీసి, తలుపు పిడి పట్టుకొని, మోరీ దాటాక మళ్ళీ పెట్టుకునేవాడు. మా దారిలో మోరీలకు కొదవ లేదు. పెట్టేది ఇప్పేది, పెట్టేది ఇప్పేది. ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. రోడ్డు పక్కన బండి ఆపేశాను.

“ప్రాణం కోసమని కట్టుకొని, మళ్ళీ ప్రాణం కోసమని ఇప్పితే ఇదెందుకు నాయనా? ఇంకొక్కసారి ఇప్పినావంటే నేను ఈ బండి తోలను. నడిచిపో ప్రొద్దుటూరికి.”

ఆయన నన్నొకసారి చూశాడు. ఆ రోజు నుంచి ఊడదీయడం మానేశాడు. మోరీ వచ్చినప్పుడు రెండు చేతులూ తొడల మీద పెట్టుకొని, కళ్ళు మూసుకునేవాడు. అద్దంలో ఆ ముఖం చూడలేక రోడ్డు వైపు చూసేదాన్ని. అయినా గెలిచాననే అనుకున్నాను.

ఎర్రగుంట్లకు ఇవతల, ఒక శుక్రవారం, తిరుగు దారిలో జరిగింది. మిట్టమధ్యాహ్నం. ముందు సిమెంటు మూటల లారీ పోతోంది. మోరీ వస్తోందని చూసి నేను నెమ్మదించాను, పెద్ద వేగం కూడా లేదు. అవతల ఉన్న టీ అంగడి కోసం కాబోలు, లారీ ఏ సైగా లేకుండా మోరీ మీదే ఆగిపోయింది. నిలబడి బ్రేకు తొక్కాను. కారు లారీకి మూరెడు దూరంలో ఆగింది.

కారు ఆగింది, వెనకాల ఉన్నది ఆగలేదు. పెద్ద చెట్టుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. నా సీటు ముందుకొచ్చి నా వీపుకు గుద్దుకుంది. తిరిగి చూస్తే రేకు కొక్కేల్లోంచి ఊడి, సీటు వెనక భాగంతో సహా ముందుకు పడింది. నాయన, అమ్మ దానికీ నా సీటుకూ మధ్య ఒంగి ఇరుక్కుపోయి ఉన్నారు. ఇద్దరూ ఆ రేకుకే కట్టేసి ఉన్నారు. నాయన నా వెనకాల కూర్చునేవాడు, అమ్మ ఆయనకు ఎడమ పక్క. అమ్మ తన కుడి చేతిని ఆయన ఎడమ చేతి మీద అడ్డం వేసింది. రేకు అంచు ఆమె చేతి మీద ఉంది.

టీ అంగడిలోంచి మనుషులు పరిగెత్తుకు వచ్చారు. లారీ క్లీనరు చేతిలో జాకీ రాడ్డు, ఇంకొకరి చేతిలో గడ్డపార. మంచికే, తలుపు రాకపోతే పెకిలించడానికి. కానీ మోరీ దగ్గర, ఇనుము పట్టుకొని, దుమ్ములోంచి కారు వైపు పరిగెత్తుకొస్తున్న మనుషులు నాయన కళ్ళకు ఎవరుగా కనబడి ఉంటారో నేను చెప్పనక్కర్లేదు.

“వచ్చినారు!” అని అరిచాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కుడి చేత్తో తలుపు పిడిని లోపలికి బిగబట్టాడు. జీవితమంతా తలుపు తెరవడానికి పట్టుకున్న పిడిని అప్పుడు మూసి ఉంచడానికి పట్టుకున్నాడు. “నువ్వు దిగు. నువ్వు దిగి పరిగెత్తు. నన్ను కట్టేసినారు. ఎనక్కి సూడగాకు, పరిగెత్తు!”

అమ్మ గొంతు మామూలుగానే ఉంది. “యాడికి పోదునయ్యా? నన్నూ కట్టేసినారు గదా. ఎవురూ రాలేదు. లారీ ఆగింది, అంతే.”

బయటివాళ్ళు తలుపు లాగుతుంటే ఆయన లోపల నుంచి లాగుతున్నాడు. నేను దిగి, వాళ్ళను వెనక్కి తోసి, చేతుల్లోని ఇనుమంతా కింద పడేయమని కేకలు వేశాను. వాళ్ళు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. తర్వాత కిటికీలోంచి ఆయన వేళ్ళను ఒక్కొక్కటే విడదీశాను. “నాయనా, నేను. నేనే” అంటూనే ఉన్నాను. వేళ్ళన్నీ వచ్చాక ఏడ్చాను. నలుగురు కలిసి రేకును ఎత్తితే గానీ బకిళ్ళు దొరకలేదు.

రోడ్డు పక్కన నీడలో ఇద్దరినీ కూర్చోబెట్టాం. అమ్మ కుడి మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. అయినా ఆమె ముందు ఒంగి ఆయన ఎడమ చేతికి చెవి పెట్టింది. లారీలు హారన్లు కొడుతున్నాయి. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత తలెత్తి, “మోగుతాంది” అంది.

మంచికి పోతే చెడు ఎదురైందని చుట్టాలంతా వచ్చి అన్నారు. నాయనకు వీపంతా కమిలింది, రెండు పక్కటెముకలు చిట్లాయి. అమ్మ మణికట్టు రెండు చోట్ల విరిగింది, మోచేతి దాకా పిండికట్టు వేశారు. ఆస్పత్రి మంచం మీద ఆయన పైకి చూస్తూ పడుకొని, “కొక్కేల మాట నాకు మతికే రాలే” అన్నాడు.

“ఎనక రేకుందంటే మనకు ఇంగేం మతికి రాదు” అంది అమ్మ.

ఈసారి బండిని జమ్మలమడుగులో వదిలిపెట్టడానికి ఆయన అడ్డు చెప్పలేదు. మేస్త్రీ నా ముఖం చూడలేక తల వంచుకొనే పని చేశాడు. కుళ్ళిన నేల కోసేసి కొత్తది అతికించి, బెల్టులను బాడీకి బిగించాడు. తలుపులు వాటంతటవే పడే నా కారు వద్దంటే, ఆ నాలుగు రోజులూ అద్దె బండి తెచ్చి నేనే నడిపాను. నాయన తువ్వాలు ముఖం మీద వేసుకొని పడుకునేవాడు, మోరీలను చూడకుండా. రేకును పాత ఇనుముకు వేసేద్దామన్నాను. ఇంటికి తెప్పించమన్నాడు. ఇప్పుడది ఆయన మంచం తలవైపు, కిటికీకి అడ్డంగా నిలబెట్టి ఉంది. ఆ గదిలోకి గాలి రాదు. పడుకునే ముందు వేలితో రెండుసార్లు కొడతాడు. రాత్రి వాళ్ళింట్లో ఆగినప్పుడు పక్క గదిలో ఉన్నా నాకు వినబడుతుంది.

బండి తిరిగి వచ్చాక మొదటి ప్రయాణం. నాయన వెనక తలుపు తీసి, అలవాటుగా సీటును కొట్టాడు. దూది చప్పుడు మాత్రమే వచ్చింది. చెయ్యి అక్కడే కాసేపు ఉంచి, ఎక్కాడు. తన బెల్టు తాను పెట్టుకున్నాడు. అమ్మ బెల్టు నేను వెనక్కి వచ్చి పెట్టాను. ఒక చెయ్యి పిండికట్టులో ఉండగా ఆమెకు ఆ బకిలు పెట్టనూ రాదు, ఊడదీయనూ రాదు.

ముద్దనూరు దాటాం. ఎండ అప్పుడే ఎక్కుతోంది. వెనకాల ఏదో ఒక మోటారు సైకిలు వస్తోంది, అద్దంలో దాని లైటు మాత్రమే కనబడుతోంది. మా నాయన ఆస్పత్రివాళ్ళ ఇడ్లీల గురించి ఏదో చెబుతూ, మాట మధ్యలో ఆపేశాడు. ముందు మోరీ ఉంది.

‘టక్.’

బకిలు ఊడింది. పెట్టుకోమనే ధైర్యం నాకిప్పుడు లేదు. అద్దం కాస్త వంచి చూశాను. ఆయన కుడి చెయ్యి తలుపు పిడి మీద ఉంది, ఒళ్ళంతా తలుపు వైపు తిరిగి ఉంది, దూకడానికి సిద్ధంగా. అలా ఉండి ఎందుకో పక్కకు చూశాడు. అమ్మ నిటారుగా కూర్చొని ముందుకు చూస్తోంది. పిండికట్టు చెయ్యి ఒళ్ళో ఉంది. నడుము చుట్టూ బెల్టు ఉంది.

ఆయన ఆ బెల్టు వంక, ఆ చేతి వంక చూస్తూ ఉన్నాడు. మోరీ గోడలు దగ్గరికి వస్తున్నాయి. నేను వేగం తగ్గించాను.

పిడి మీద నుంచి చెయ్యి తీసి, సీటు మీద తడుముకుంటూ బెల్టు కొస వెతుక్కున్నాడు. మొదటిసారి పడలేదు. రెండోసారి ‘టక్’ మంది. అప్పుడు మేము మోరీ మీద ఉన్నాం.